ఆయా మనుమరాలి నర్సు చదువు

అప్రెంటిసు అన్న మాట వినగానే మనకు లాలాగూడ రైల్వే వర్కుషాపో, విశాఖపట్నం ఓడల కర్మాగారమో జ్ఞాపకం వస్తుంది. చమురు మరకల చొక్కా, చేతిలో పనిముట్టు, పక్కన నిలబడి గద్దించి పని నేర్పే మేస్త్రీ - ఇదీ మన మనస్సులో వున్న అప్రెంటిసు బొమ్మ. ఆ మాటను ఒక ఆడపిల్ల తనను గురించి చెప్పుకుంటూ, అందులోనూ ఆస్పత్రి పనిని గురించి చెబుతూ వాడితే నాకు కొంచెం వింతగానే తోచింది.

"నేనిప్పుడు నర్సు అప్రెంటిసును, మాస్టారూ!" అన్నది ఆమె.

2025 సంక్రాంతికి పుట్టింటికి వచ్చి, పనిగట్టుకుని మా యింటికి వచ్చి పలకరించింది. బి. ఏ. లో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. పెళ్లయి 2016లో భర్తవెంట ఇంగ్లాండు వెళ్లింది. అక్కడ ఒక పెద్ద ఆస్పత్రిలో రోగులకు ఒళ్లు తుడిచి, పక్కలు మార్చి, అన్నం తినిపించే సహాయకురాలిగా చేరిందని వాళ్ల నాన్న చెప్పినప్పుడు, "పట్టభద్రురాలికి ఇదేం కర్మ!" అని మేమంతా లోలోపల అనుకున్న మాట నిజం. పైకి మాత్రం "పనిలో తక్కువేముందిలెండి" అన్నాము. మధ్యతరగతి వాళ్లం, లోపల ఒకటి, పైకి ఒకటి మనకు అలవాటే.

"అప్రెంటిసు అంటే చదువా, ఉద్యోగమా?" అని అడిగాను.

"రెండూనండీ. నెలనెలా జీతం యిస్తారు. విశ్వవిద్యాలయానికి పంపిస్తారు. ఫీజు నేను కట్టనక్కరలేదు. నాలుగేళ్లకు డిగ్రీ చేతికి వస్తుంది, నర్సునవుతాను. ఇది నాలుగో సంవత్సరం."

నాకు ఆశ్చర్యం వేసింది. జీతమిచ్చి, ఫీజు కట్టి, డిగ్రీ కూడా యిప్పించే ధర్మప్రభువులు ఈ కాలంలో కూడా వున్నారా? ఉంటే ఇందులో తిరకాసు ఎక్కడ వున్నది? నా అనుమానం ఆమె కనిపెట్టింది కాబోలు, నవ్వి, "కనుమనాడు మా యింటికి రండి మాస్టారూ, తీరిగ్గా చెబుతాను. అమ్మమ్మ కూడా మిమ్మల్ని చూడాలంటున్నది" అన్నది.

వెళ్లాను. ఆనాడు విన్నదీ, తరువాత పుస్తకాలూ ప్రభుత్వ పత్రాలూ తిరగవేసి నేను తెలుసుకున్నదీ కలిపి పాఠకులకు చెబుతున్నాను. ఆడపిల్లల చదువులను గురించి ఆలోచించే ప్రతి కుటుంబానికీ ఇందులో పనికివచ్చే సంగతులు వున్నాయని నా నమ్మకం.

అమ్మమ్మ చేసిన ఉద్యోగం

ఆ యింటి అమ్మమ్మగారు మా వూళ్లో చాలామందికి తెలుసు. ఎనభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్లు ఆస్పత్రిలో ఆయాగా పనిచేసింది. మా వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మందికి మొదటి స్నానం ఆమె చేతులమీదుగానే జరిగింది.

"సిస్టరమ్మలు మారేవాళ్లు, డాక్టర్లు మారేవాళ్లు. నేనొక్కదాన్నీ మారలేదు బాబూ" అన్నది ఆమె అరుగుమీద కూర్చుని. "కొత్తగా వచ్చిన సిస్టరుకు ఏ బీరువాలో ఏమున్నదో నేనే చూపించాలి. ఒక్కోసారి ఆపరేషనయిన మనిషి పాదం పట్టుకుంటే చల్లగా తగిలేది. ఇది మంచి లక్షణం కాదని నాకు తెలిసిపోయేది. వెళ్లి చెబితే, 'నీకేం తెలుసు, పోయి బేసిను తీసుకురా' అనేవాళ్లు. కొందరు మంచివాళ్లు వినేవాళ్లు. వినకపోయినా వాళ్ల తప్పేముంది? నాకు చదువేదీ? సూదిమందు మాత్రం ఒక్కనాడూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు కూడాను."

ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఆయాగా చేరిన మనిషి ఆయాగానే ఉద్యోగ విరమణ చేసింది. మధ్యలో ఒక్క మెట్టు ఎక్కడానికయినా దారి లేకపోయింది. చదువుకుని రావాలంటే జీతం మానుకోవాలి. జీతం మానుకుంటే ఇల్లు గడవదు. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య, అమ్మమ్మకూ మనుమరాలికీ మధ్య వున్న తేడా అంతా ఈ ఒక్క ముడి దగ్గరే వున్నది.

ఈ ముడి మన దేశానికి మాత్రమే పరిమితం కాదు. ఇంగ్లాండులోనూ పదేళ్ళూ పదిహేనేళ్లూ వార్డుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ల నర్సులకు మెళకువలు చెప్పగలిగిన సహాయకురాళ్లు వేలమంది వున్నారు. 2013 నుంచి అక్కడ కొత్తగా నర్సు కావాలంటే డిగ్రీ ఉండి తీరాలి. మూడేళ్లు పూర్తికాలం విశ్వవిద్యాలయంలో చదవాలి. పూర్వం నర్సింగు విద్యార్థులకు ప్రభుత్వం ఫీజు కట్టి, భృతి కూడా యిచ్చేది. 2017 ఆగస్టు నుంచి కొత్తగా చేరే వారికి అది తీసివేశారు. అప్పటి లెక్కన ఏడాదికి 9,250 పౌన్ల వరకు ఫీజు, అప్పు తెచ్చుకుని కట్టుకోవలసి వచ్చింది. 2020 సెప్టెంబరు నుంచి తిరిగి ఏడాదికి 5,000 పౌన్ల సహాయం మొదలుపెట్టారు గాని, ఇద్దరు పిల్లల తల్లి జీతం వదులుకుని కళాశాలకు వెళ్లడానికి అది ఏ మూలకు?

నాలుగేళ్ల ఒప్పందం

ఆ దారి మూసుకుపోతున్న సమయంలోనే ఈ రెండో దారి తెరిచారు. నర్సింగులో డిగ్రీ అప్రెంటిసు పద్ధతిని ప్రవేశపెడుతున్నట్లు 2016 నవంబరులో అక్కడి ఆరోగ్యశాఖామంత్రి జెరెమీ హంట్ ప్రకటించాడు. 2017లో మొదటి జట్టు చేరింది. ఇది ఇంగ్లాండుకు సంబంధించిన ఏర్పాటు. స్కాట్లాండు, వేల్సుల పద్ధతులు వేరు.

ఒప్పందంలో ముగ్గురు వుంటారు: ఉద్యోగమిచ్చిన ఆస్పత్రి, చదువు చెప్పే విశ్వవిద్యాలయం, మధ్యన అప్రెంటిసు. ఆస్పత్రి జీతమిస్తుంది. విశ్వవిద్యాలయం ఫీజు వేరే నిధిలోనుంచి వస్తుంది. 2017 ఏప్రిలు నుంచి అక్కడ ఏడాదికి 30 లక్షల పౌన్లకు మించి జీతాలు చెల్లించే ప్రతి సంస్థ దగ్గరా, ఆ పై మొత్తంమీద నూటికి అర్ధ పౌను చొప్పున అప్రెంటిసు పన్ను వసూలు చేస్తున్నారు. పెద్ద ఆస్పత్రులూ అందుకు మినహాయింపు కావు. ఆ సొమ్మునే తిరిగి తమ మనుషుల చదువుకు వాడుకోవచ్చును. అప్రెంటిసు దగ్గర మాత్రం ఫీజని ఒక్క పెన్నీ తీసుకోరాదు.

ఇక చదువు సంగతి. నర్సుల, మంత్రసానుల మండలి అని అక్కడ ఒక సంస్థ వున్నది. దాని పట్టికలో పేరెక్కితేగాని రిజిస్టరయిన నర్సుగా పనిచేయడానికి వీలులేదు. ఆ మండలి నియమం ప్రకారం చదువు 4,600 గంటలు: సగం, అంటే 2,300 గంటలు పాఠాలు, తక్కిన 2,300 గంటలు రోగుల దగ్గర అభ్యాసం. మామూలు విద్యార్థి మూడేళ్లలో పూర్తిచేసే ఈ గంటలనే అప్రెంటిసు ఉద్యోగంతో కలుపుకుని సుమారు నాలుగేళ్లలో పూర్తి చేస్తుంది. చదువులో రాయితీ ఏమీ లేదు. పరీక్షా ఒకటే, పట్టికా ఒకటే. పెద్దల వైద్యం, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, నేర్చుకునే శక్తి తక్కువైనవారి సంరక్షణ - ఈ నాలుగు శాఖల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈమె పెద్దల శాఖ తీసుకున్నది.

"చేరడానికే ఏడాది పట్టింది మాస్టారూ. నా డిగ్రీ తెలుగుది. లెక్కలు పదో తరగతితోనే సరి. ఇంగ్లీషు, లెక్కలు రెండింటికీ అక్కడి పరీక్షలు మళ్లీ రాశాను. ఇంటర్వ్యూలో, 'ఇన్నాళ్లూ సహాయకురాలివి గదా, నర్సువై ఏం చేద్దామని?' అని అడిగారు. అమ్మమ్మ సంగతి చెప్పాను."

"ఏమని?"

"చల్లని పాదం సంగతి. నేనూ అక్కడే ఆగిపోదలచుకోలేదని చెప్పాను."

2021 సెప్టెంబరులో చదువు మొదలయింది.

రెండు యూనిఫారాలు

ఆమె బీరువాలో రెండు యూనిఫారాలు వుంటాయట. ఒకటి సహాయకురాలిది, రెండవది విద్యార్థినిది. ఒకే ఆస్పత్రి, ఒకే మనిషి. వారంలో రెండు రోజులు మొదటిది వేసుకుంటుంది. ఆ రోజుల్లో తన పాత వార్డులో పాత పని: రోగులకు స్నానాలు, పక్కలు, కాఫీలు, టెంపరేచరు, రక్తపుపోటు. ఇంకో రోజు విశ్వవిద్యాలయంలో పాఠాలు. మరికొన్ని వారాలు వరుసగా రెండవ యూనిఫారం: ఒక నెల ఆపరేషను విభాగం, ఒక నెల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే నర్సువెంట, ఇంకొక నెల మానసిక వైద్యశాల. పొద్దున ఏడున్నరకు వార్డులో అడుగుపెడితే రాత్రి ఎనిమిదికి గాని బయటపడేది లేదు. ఇంటికి వచ్చి, పిల్లలు నిద్రపోయాక వ్యాసాలు రాయడం.

"నాకు శ్రీనాథుడిమీద వ్యాసం రాయమంటే రాస్తాను మాస్టారూ. మూత్రపిండాలమీద ఇంగ్లీషులో మూడువేల మాటలు రాయమంటే మొదటిసారి ఏడుపు వచ్చింది. ప్రతి వాక్యానికీ 'ఎక్కడిదీ సంగతి?' అని ఆధారం చూపించాలి. వంటంతా ఆయనే చేసేవారు. మా చిన్నవాడు నాన్న చేసిన పప్పే అమ్మ పప్పు అనుకుంటాడు" అని నవ్వింది. తనతోపాటు చేరినవారిలో కొందరు మధ్యలో మానుకున్నారట. తెలివిలేక కాదు, ఓపిక చాలక.

రెండు యూనిఫారాలలో కష్టమైనది ఏదని అడిగాను. మరోలా చెబుతుందనుకున్నాను. "రెంటికీ మధ్య మారడం" అన్నది. సోమవారంనాడు సూదిమందు మోతాదు లెక్కకట్టి, నర్సు పక్కనుండగా తన చేతితో ఇచ్చిన మనిషి, బుధవారంనాడు అదే రోగి అడిగితే "అది నేను చేయకూడదండీ, సిస్టరును పిలుస్తాను" అని చెప్పాలి. ఏ రోజు ఏ హద్దులో వున్నదో మరచిపోవడానికి వీలులేదు.

ఊపిరి లెక్క

ఈ చదువు మనిషిని ఏం చేస్తుందో తెలియడానికి ఆమె చెప్పిన ఒక్క సంగతి చాలు.

అక్కడి ఆస్పత్రుల్లో పెద్దవయసు రోగులకు కొన్ని గంటలకొకసారి ఆరు సంగతులు కొలిచి ఛార్టులో వేస్తారు: ఊపిరి వేగం, రక్తంలో ప్రాణవాయువు, రక్తపుపోటు, నాడి, స్మృతి, టెంపరేచరు. ఒక్కొక్కదానికీ సున్న నుంచి మూడు వరకు మార్కులు. అన్నీ బాగుంటే సున్న. కూడిక అయిదుకు చేరితే డాక్టరును త్వరగా పిలవాలి. ఏడుకు చేరితే పరుగెత్తాలి. అక్కడి రాయల్ కాలేజి వైద్యులు 2012లో ఈ పద్ధతి తయారుచేసి, 2017లో సవరించారు. ప్రాణవాయువు కలిపి ఇస్తూవుంటే దానికి మరి రెండు మార్కులు కలుపుతారు.

"సహాయకురాలిగా అయిదేళ్లు ఆ ఛార్టులు నింపాను. నాడికి యంత్రం వున్నది, పోటుకు యంత్రం వున్నది. ఊపిరికి మాత్రం లేదండీ. రోగి రొమ్ము వంక చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాలి. తొందరలో ఎవరు లెక్కపెడతారు? మనిషి మామూలుగానే కనిపిస్తే పదహారో, పద్దెనిమిదో వేసేసేవాళ్లం. నేనూ వేశాను. తప్పని తెలియక."

మొదటి సంవత్సరం పాఠంలో చెప్పారు: ఒంట్లో చెడు మొదలయినప్పుడు పోటు పడిపోవడం తరువాతి మాట, తరచుగా ముందుగా మారేది ఊపిరి. రక్తంలో ఆమ్లం పెరిగినా, ప్రాణవాయువు చాలకపోయినా, విషజ్వరం లోపల రాజుకుంటున్నా మెదడు ముందు ఊపిరితిత్తులను తొందరపెడుతుంది. ఆ వేగంతోనే శరీరం కొంతసేపు లోటును కప్పిపుచ్చుతుంది. కనుక తక్కినవన్నీ బాగానే కనిపిస్తాయి.

రెండవ సంవత్సరంలో ఒక రాత్రి, మూడు గంటల వేళ, తుంటి ఎముక ఆపరేషనయిన ఒక ముసలాయన మెలకువగా వున్నాడు. ఆమెతో కబుర్లు చెబుతున్నాడు. నాడి ఫరవాలేదు, పోటు ఫరవాలేదు. ఆయన మాట్లాడడం మానేదాకా ఆగి, గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టింది. ఇరవై ఆరు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై ఆరే. ఇరవై అయిదుకు చేరితే ఆ ఒక్కదానికే మూడు మార్కులు. నర్సును పిలిచింది. నర్సు డాక్టరును పిలిచింది. ఊపిరితిత్తిలో నెమ్ము చేరుతున్నదని తేలి, తెల్లవారకముందే మందు పడింది. రెండు వారాలకు ఆయన తన కాళ్లమీద ఇంటికి వెళ్లాడు.

"ఆ రాత్రి నాకు సంతోషం కంటె భయం ఎక్కువ వేసింది మాస్టారూ. ఆ అయిదేళ్లలో నేను వేసిన పదహారులు ఎన్నో! వాటిల్లో నిజంగా ఇరవై ఆరు ఎన్నో!"

అరుగుమీద నుంచి అమ్మమ్మ అందుకున్నది: "ఊపిరి ఎగదోయడం నేనూ చూసేదాన్నే."

"చూసేదానివే అమ్మమ్మా. ఎందుకో నీకెవరూ చెప్పలేదు. చెప్పినా, నీ మాటకు కాగితంమీద చోటు లేదు."

నేనెన్నో సభల్లో విద్యను గురించి ఉపన్యాసాలు విన్నాను, నేనూ చేశాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. చూడగలిగిన కన్ను అమ్మమ్మకు వున్నది. కారణం తెలియడం, తెలిసినదాన్ని పదిమందిలో చెప్పే అధికారం ఉండడం - ఈ రెండూ చదువు యిచ్చేవి.

మందుల లెక్కల విషయంలో మండలి నియమం మరీ కఠినం. చదువు పూర్తయ్యేలోగా మోతాదు లెక్కల పరీక్షలో నూటికి నూరు తెచ్చుకోవాలి. మన పరీక్షల్లో ముప్ఫై అయిదుకు పాసు చేస్తాం. అక్కడ తొంభైతొమ్మిది కూడా తప్పినట్లే. 75 మిల్లీగ్రాముల మందు కావాలి, సీసాలో 2 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు వున్నది, ఎంత తీయాలి? ఒకటిన్నర మిల్లీలీటరు. చుక్క చోటు మారితే పదిహేను. లెక్కలంటే భయపడే ఈ పిల్ల రోజూ బస్సులో పోతూ ఇవే చేసుకునేదట.

లెక్కలోకి రాని మనిషి

ఇప్పుడు తిరకాసు సంగతికి వద్దాం.

అభ్యాసం కోసం వార్డుకు వెళ్లిన రోజున అప్రెంటిసును పనివాళ్ల లెక్కలో వేయరాదని నియమం. ఆనాడు వార్డుకు ఆరుగురు కావలసివుంటే, ఆమె కాక ఆరుగురు ఉండాలి. ఆమె ఏడో మనిషి. నేర్పే నర్సు పక్కన నిలబడి చూడాలి, చేయాలి, అడగాలి, తప్పు దిద్దించుకోవాలి. ఈ ఒక్క నియమంమీదనే ఈ చదువంతా నిలబడివున్నది. ఇది పోతే మిగిలేది చదువు కాదు, చవక కూలి.

"నియమం కాగితంమీద బాగానే వుంటుందండీ" అన్నది. మూడవ సంవత్సరంలో ఒక చలికాలం. వార్డు నిండా రోగులు, ఇద్దరు సిబ్బంది జ్వరంతో రాలేదు. పెద్ద నర్సు వచ్చి, "ఇవాళ ఒక్కరోజుకు నీ పాత పని చెయ్యి, తల్లీ. నీకు వచ్చిన పనే కదా" అన్నది. ఆమె పాత యూనిఫారం మనిషన్న సంగతి అందరికీ తెలుసు. బయటినుంచి వచ్చే మామూలు విద్యార్థిని అలా అడగరు. సరేనన్నది. మర్నాడూ అంతే. ఆ వారంలో నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆ గంటలు 2,300లో చేరవు. తరువాత పూరించుకోవలసిందే.

"మరి చెప్పకపోయావా?"

"చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది మాస్టారూ. అవతల ముసలమ్మ తడిసిన పక్కమీద పడివుంటే, 'నేనివాళ విద్యార్థిని' అని ఎలా అనను? అనలేను. అయితే అనకపోతే నేనూ అమ్మమ్మ దగ్గరే ఆగిపోతాను."

ఐదోనాడు తనను పరీక్షించే నర్సుకు చెప్పింది. ఆమె విశ్వవిద్యాలయానికి కబురు చేసింది. అక్కడి అధ్యాపకురాలు ఆస్పత్రికి వచ్చి పెద్ద నర్సుతో మాట్లాడింది. పెద్ద నర్సు చెడ్డ మనిషి కాదు. తనకు దిక్కుతోచక అడిగానని ఒప్పుకున్నది. అప్పటినుంచి ఆ వార్డులో విద్యార్థిని పేరు వేరే రంగు సిరాతో రాయడం మొదలుపెట్టారు. పోయిన గంటలు మాత్రం ఆమె వేసవి సెలవుల్లో పూరించుకున్నది.

ఈ జబ్బు కొత్తది కాదు. ఫ్లారెన్సు నైటింగేలు పేరున లండనులోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో 1860లో నర్సుల పాఠశాల పెట్టినప్పుడు చేరిన అమ్మాయిలు కూడా ఒక విధంగా అప్రెంటిసులే. బస, భోజనం, ఏడాదికి 10 పౌన్ల జీతం యిచ్చి వార్డుల్లో పని చేయిస్తూ నేర్పారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. అయితే కాలక్రమాన నేర్పడం వెనకపడి, చేయించుకోవడం ముందుకు వచ్చింది. నేర్చుకునే పిల్లలే ఆస్పత్రి చాకిరీలో పెద్ద భాగం మోస్తున్నారనీ, వారి చదువు చట్టుబండలవుతున్నదనీ ఫిర్యాదులు పెరిగాయి. చివరకు 1986లో ప్రాజెక్టు 2000 అనే పథకం సిద్ధం చేసి, ఆ తరువాత నర్సు చదువును ఆస్పత్రులనుంచి తప్పించి కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు మార్చారు. విద్యార్థిని పనివాళ్ల లెక్కలో వేయరాదన్న నియమం బలపడింది అప్పుడే.

అంటే ఆస్పత్రిలో మొదలయిన చదువు విశ్వవిద్యాలయానికి వెళ్లి, 2017లో ఒక కాలు మళ్లీ ఆస్పత్రిలో పెట్టింది. ఈసారి పాత జబ్బు తిరగబెట్టకుండా చూడడమే అసలు పరీక్ష.

అది డబ్బుతో ముడిపడిన వ్యవహారం. 4,600 గంటలను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 1,150 గంటలు. వారానికి ముప్ఫైయేడున్నర గంటల లెక్కన ముప్ఫై వారాలకు పైమాట. ఆ ముప్ఫై వారాలూ ఆస్పత్రి జీతమిస్తుంది, పని మాత్రం జరగదు. ఆమె స్థానంలో వేరొకరిని పెట్టుకోవాలి. అప్రెంటిసు పన్ను నిధి ఫీజుకే గాని జీతాలకు వాడరాదు. అందుకే మొదట్లో ఆస్పత్రులు వెనకాడాయి. 2018 డిసెంబరులో అక్కడి పార్లమెంటు విద్యాసంఘం ఈ పద్ధతి నీరసంగా వున్నదని నివేదిక రాసింది. 2020 ఆగస్టులో ప్రభుత్వం నాలుగేళ్లకు 17 కోట్ల 20 లక్షల పౌన్లు కేటాయించి, ఒక్కొక్క అప్రెంటిసుకు ఏడాదికి 8,300 పౌన్ల చొప్పున ఆస్పత్రులకు సహాయం ప్రకటించింది. ఈమె చేరింది ఆ తరువాతనే. వైద్యరంగంలో శిక్షణ అంతటిలో నూటికి ఏడు వంతులు మాత్రమే అప్రెంటిసు పద్ధతిన జరుగుతున్నదనీ, 2031-32 నాటికి దానిని ఇరవై రెండు చేయాలనీ 2023 ప్రణాళికలో రాసుకున్నారు. సంఖ్య పెరగడం మంచిదే; ఏడో మనిషి ఏడో మనిషిగానే మిగలాలి. లేకపోతే పెరిగేది సంఖ్య మాత్రమే.

మనవాళ్లకు ఒక మాట

ఇది చదివి, "మా అమ్మాయిని కూడా పంపిద్దామా?" అని కొందరికి తోచవచ్చును. తొందరపడవద్దు.

ఈ అవకాశం అక్కడ స్థిరంగా వుంటూ, ఉద్యోగం చేసుకునే హక్కు వున్నవారికి. సాధారణంగా కనీసం మూడేళ్ల నివాసం కావాలి. చదువుకోసం విద్యార్థి వీసామీద వెళ్లినవారికి ఇది వర్తించదు. ఇక్కడినుంచి నేరుగా అప్రెంటిసుగా పంపిస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అప్రెంటిసు దగ్గర ఫీజు తీసుకోరాదన్నది గుర్తుంచుకుంటే చాలు: డబ్బు అడిగిన క్షణాననే వ్యవహారం అర్థమవుతుంది. వృద్ధుల సంరక్షణ పనులకు విదేశాలనుంచి కొత్తగా మనుషులను తెచ్చుకునే వీసాలను కూడా 2025 జులైలో ఆపివేశారు. ఆ పేరున లక్షలు గుంజేవారి మాటా వినవద్దు.

మన దేశంలో నర్సింగు చదివి, రిజిస్టరయినవారికి దారి వేరే వున్నది. ఇంగ్లీషు పరీక్ష, కంప్యూటరుమీద ఒక పరీక్ష, చేతిపని చూపించే మరొక పరీక్ష ప్యాసయితే ఆ మండలి పట్టికలోనే పేరెక్కవచ్చును. మన దేశంలో నర్సింగు డిగ్రీ చదువు 1946లోనే ఢిల్లీలోను, వేలూరులోను మొదలయింది. ఆ చదువుకు లోకంలో గౌరవం వున్నది.

ఇంటికి తిరిగివస్తూ నేను ఆలోచించినది పంపించే సంగతి కాదు. మన ఆస్పత్రుల్లో ఇవాళ కూడా బేసిన్లు మోస్తున్న ఆయాల సంగతి. వారిలో చూడగలిగిన కళ్లు ఎన్ని వున్నాయో! జీతం పోకుండా చదువుకునే వీలు కల్పిస్తే వారిలో కొందరయినా ఏ నలభయ్యో ఏటనో నర్సులు కాలేరా? ఖర్చు వున్నమాట నిజమే. ఒక మనిషి ముప్ఫై ఏళ్ల అనుభవం బేసినుతో పాటు ఇంటికి పోవడం ఖర్చు కాదా? మన పెద్దలు ఆలోచించవలసిన విషయం.

2025 దీపావళి మరునాడు ఇంగ్లాండునుంచి ఆమె ఫోను చేసింది. పరీక్షలు పూర్తయినవి, మండలి పట్టికలో పేరెక్కింది, నంబరు వచ్చింది. తన పాత వార్డులోనే నర్సుగా వేశారు. యూనిఫారం మూడో రంగు.

"అమ్మమ్మకు చెప్పావా?"

"మొదట తనకే చేశానండీ. 'ఇంతకూ సూదిమందు నువ్వే యిస్తున్నావా, పక్కనెవరన్నా నిలబడుతున్నారా?' అని అడిగింది. నేనే యిస్తున్నానన్నాను."

"ఏమన్నది?"

"కాసేపు ఏమీ అనలేదు. తరువాత, 'మీ వార్డులో ఆయా ఎవరైనా వచ్చి ఏదైనా చెబితే, పని మానుకునైనా విను' అన్నది."